ఎవరు పేర్చిన వరస?

ఫీడ్లు చదువుకునే గూగుల్ రీడర్‌ని 2013 జులై 1న మూసేసినప్పుడు, ఇక ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ల కథ కంచికే అనుకున్నారు చాలామంది. వెళ్లలేదు. పాడ్‌కాస్ట్ వినే అలవాటున్నవాళ్లు తెలియకుండానే రోజూ ఫీడ్ వాడుతున్నారు. కొత్త ఎపిసోడ్ వచ్చిందని ఫోన్‌కి తెలిసేది ఎక్కువగా ఆ దారిలోనే.

ఇందులో మాయేమీ లేదు. సైటు తన తాజా రాతల జాబితాని, అంటే శీర్షిక, తేదీ, లింకు, నాలుగు ముక్కల సారాంశం, ఒక ఫైల్లో రాసి ఉంచుతుంది. మన ఫీడ్ రీడర్ అప్పుడప్పుడూ వెళ్లి ఆ ఫైలు చూసి, కొత్తది చేరితే తెచ్చి పెడుతుంది. ఆ సైటులో ఖాతా తెరవక్కర్లేదు, ఫోన్ నంబరు ఇవ్వక్కర్లేదు. 1999లో నెట్‌స్కేప్ కంపెనీలో దీన్ని తయారుచేసినవాళ్లలో ఒకరు రామనాథన్ గుహ, ఐఐటీ మద్రాసులో చదివినాయన. తర్వాత డేవ్ వైనర్ అందులో ఆడియో ఫైలు తగిలించే వీలు పెట్టాడు. పాడ్‌కాస్టులకి పునాది పడింది అక్కడే.

నాకు ఫీడ్‌లో నచ్చేది దానికి ఒక చివర ఉండటం. పొద్దున రీడర్ తెరిస్తే నేను ఎంచుకున్న పత్రికలు, రిజర్వ్ బ్యాంకు ప్రకటనలు, ఇద్దరు ముగ్గురు ఇష్టమైన రచయితల రాతలు కొత్తవి పైన, పాతవి కింద వరసగా ఉంటాయి. చదవడం అయిపోతుంది. అవును, అయిపోతుంది! ఫేస్‌బుక్‌లో ఎప్పుడైనా అయిపోయిందా? అక్కడ వరస పేర్చేది మనం కాదు. నిన్న ఒక గొడవ వీడియో దగ్గర కాసేపు ఆగామని, ఇవాళ అలాంటివే వడ్డిస్తారు.

యూట్యూబ్ చానల్‌కి కూడా ఫీడ్ ఉంటుందని చాలామందికి తెలీదు. చానల్ చిరునామాని ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటి ఫీడ్ రీడర్‌లో అతికిస్తే చాలు. ఆ చానల్ కొత్త వీడియోలు మాత్రమే వస్తాయి, పక్కన ఇంకో పది చూడమని ఎవరూ పిలవరు. వర్డ్‌ప్రెస్‌తో నడిచే సైటైతే చిరునామా చివర ‘ఫీడ్’ అన్న మాట ఇంగ్లిషు అక్షరాల్లో చేర్చి చూడండి. చాలావరకు దొరుకుతుంది.

తెలుగువాళ్లకి ఇది కొత్తేమీ కాదు. 2000ల రెండో సగంలో నెట్‌లో తెలుగు చదివేవాళ్లు పొద్దున్నే తెరిచింది వీవెన్ నడిపిన కూడలి అనే సైటుని. హారం, మాలిక కూడా ఆ బాటవే. ఎవరెవరో ఎక్కడెక్కడో రాసిన తెలుగు రాతలన్నీ ఫీడ్ల ద్వారానే అక్కడికి చేరేవి. పేరున్న రచయితైనా, నిన్ననే లేఖినిలో తెలుగు టైపు చేయడం నేర్చుకున్న కుర్రాడైనా రాసిన వేళని బట్టే పైకి వచ్చేవారు. తర్వాత ఆ జనమంతా ఫేస్‌బుక్‌కి తరలారు. అక్కడ లైకులు దొరికాయి గానీ, ఆర్నెల్ల కిందటి మంచి వ్యాసం వెతికితే దొరకదు.

పంచుకోవడంలోనూ తేడా ఉంది. వాట్సాప్‌లో వచ్చే ఫార్వర్డ్‌కి తలాతోకా ఉండదు. ఎవరు రాశారో, ఏ ఏడాది రాశారో తెలీదు. ఫీడ్‌లో వచ్చినదాన్ని పంపితే సొంత చిరునామాతో, తేదీతో వెళ్తుంది. అంతకంటే మేలైన పని, మొత్తం జాబితానే ఓపీఎంఎల్ అనే ఒక్క ఫైలుగా ఇచ్చేయడం. పరిశోధన చేస్తున్న మా మేనకోడలు తను చూసే పత్రికలన్నీ అలాగే తన జూనియర్‌కి అప్పగించింది. ఆ జూనియర్ దాన్ని తన రీడర్‌లోకి ఎక్కించుకుని, అక్కర్లేనివి తీసేసుకుంది.

వార్తాపత్రికల సైట్లలో మాత్రం ఫీడ్ గుర్తు ఎక్కడో అడుగున ఉంటుంది, లేదా ఉండదు. వాళ్ల బాధ అబద్ధం కాదు. రీడర్‌లోనే మొత్తం చదివేస్తే ప్రకటనలు చూసేదెవరు? శీర్షిక, రెండు వాక్యాలు ఇచ్చి మిగతాది సైటుకి వచ్చి చదవమంటే సరిపోతుంది. కొన్ని పత్రికలు చేస్తున్నదీ అదే.

ప్రభుత్వ శాఖలకి ఆ బాధ కూడా లేదు. కేంద్రం తరఫున ప్రకటనలు ఇచ్చే పీఐబీకి, రిజర్వ్ బ్యాంకుకి ఏళ్లుగా ఫీడ్లు ఉన్నాయి. ఫీడ్ లేనిచోట ఏమవుతుందో గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. నోటిఫికేషన్ వచ్చిందా, హాల్‌టికెట్ పెట్టారా, కీ విడుదలైందా అని రోజుకి పదిసార్లు పబ్లిక్ సర్వీస్ కమిషన్ సైటు తెరుస్తారు. అది మొరాయిస్తే టెలిగ్రామ్ గ్రూపుల్ని నమ్ముతారు. అక్కడ సగం పుకార్లు, సగం కోచింగ్ సెంటర్ల ప్రచారం. కమిషన్ ప్రకటనలకి, విశ్వవిద్యాలయాల ఫలితాలకి, కలెక్టర్లు ఇచ్చే వరద హెచ్చరికలకి ఫీడ్ ఇవ్వడానికి కొత్త యాప్ అక్కర్లేదు, టెండరూ అక్కర్లేదు. సైటు చూసుకునే ఇంజినీరుకి ఒక పూట పని.