దయ్యం వేషం కట్టండి.. దయ్యం భయం వదిలించండి

అక్టోబరు నెలాఖరు వచ్చేసరికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఇళ్లలో కూడా ఇప్పుడు ఒక కొత్త మాట వినిపిస్తోంది. అదే హాలోవీన్. బెంగళూరులో ఉద్యోగాలు చేసే మనవాళ్ల అపార్ట్‌మెంట్లలో పిల్లలు వేషాలు వేసుకుని, తలుపులు తట్టి చాక్లెట్లు అడుగుతున్నారు. అమెరికాలో ఉన్న మనవడు వీడియో కాల్‌లో అస్థిపంజరం బొమ్మ ఉన్న చొక్కా చూపిస్తాడు. అది చూసి ఇక్కడి పిల్లలు ‘మనింట్లో కూడా చేద్దాం’ అంటారు. ‘దయ్యాలతో ఆటలేమిటి, మన పండగేనా ఇది?’ అని అవ్వ కోప్పడుతుంది. మధ్యలో అమ్మానాన్నలు నలిగిపోతారు.

డాక్టరుగా నా మాట సూటిగా చెబుతాను. పిల్లలు ముచ్చటపడితే చేసుకోనివ్వండి. అయితే రెండు షరతులు. ఆ రాత్రి మీ ఇంట్లో ఎవరికీ ఆస్పత్రి అవసరం రాకూడదు. రెండోది, ఆ ఆటలో దయ్యాన్ని పిల్లలే తయారు చేయాలి, పెద్దవాళ్లు తయారు చేసి వాళ్ల మీదికి వదలకూడదు. ఈ రెండో షరతు చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఆ సాయంత్రం మీ పిల్లలకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

వేషం మనకు కొత్త కాదు

ఐర్లండ్, స్కాట్లాండ్ ప్రాంతాల్లో పంటలు ఇంటికి చేరి చలికాలం మొదలయ్యే వేళ చేసుకునే పాత పండగ ఇది. నవంబరు 1న క్రైస్తవులు పునీతులందరినీ తలచుకుంటారు. దానికి ముందు రాత్రి, అంటే అక్టోబరు 31న హాలోవీన్. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపలను తొలిచి లోపల దీపం పెట్టేవారు. అమెరికాకు వలస వెళ్లాక వాళ్లకు గుమ్మడికాయ దొరికింది.

గుమ్మడికాయ మీద ముఖం గీయడం మనకూ తెలుసు. కొత్త ఇల్లు కడితే కోరమీసాలు, బయటికి వచ్చిన నాలుకతో దిష్టి గుమ్మడికాయ వేలాడదీస్తాం. వేషాల సంగతి మన జిల్లాల వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనే లేదు. తిరుపతి గంగమ్మ జాతరలో నామకొమ్ము పూసుకుంటే బైరాగి వేషం, కుంకుమ పూసుకుంటే బండ వేషం, బొగ్గుపొడి పూసుకుంటే తోటి వేషం, గంధం పూసుకుంటే దొర వేషం. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర చూస్తూ పెరిగిన ఇళ్లు మనవి. జాతర మొక్కు, భక్తి. హాలోవీన్ ఉత్త ఆట. రెండింటినీ ఒక గాటన కట్టడం లేదు. వేషం కింద ఉన్నది మనకు తెలిసిన మనిషేనన్న ఎరుక మన పిల్లలకు ఇప్పటికే ఉందని చెబుతున్నానంతే.

భయానికి ఒక కొలత పెట్టండి

మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్లో నిజానికి, నటనకు మధ్య గీత ఇంకా గట్టిపడదు. ‘మాస్కు వేసుకున్నది నాన్నేరా’ అని చెప్పినా, మాస్కు ముఖం మీదికి రాగానే ఏడుస్తారు. అది పిరికితనం కాదు, ఆ వయసు లక్షణం. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలకు మాత్రం కాస్త భయపడటంలో ఉన్న సరదా తెలుస్తుంది. కాబట్టి చిన్నవాళ్ల ముందే మాస్కు పెట్టుకోండి, దాన్ని వాళ్ల చేతే తీయించండి. చీకటి గదిలో తలుపు చాటున దాక్కుని మీదికి దూకడం, దాన్ని ఫోన్‌లో వీడియో తీసి నవ్వడం వద్దు. రాత్రి పక్క తడపడం, ఒంటరిగా బాత్రూమ్‌కు వెళ్లనని మొండికేయడం ఇలాంటి ‘సరదా’ తర్వాత మొదలు కావచ్చు.

ఆట మొదలయ్యే ముందే ఒక నియమం పెట్టుకోండి. ఎవరు ‘చాలు’ అన్నా వెంటనే లైటు వేయాలి, మాస్కు తీసేయాలి. అన్నవాళ్లను ఎవరూ వెక్కిరించకూడదు. ఇంట్లో తూలుతూ నడిచే తాతలు, గుండె జబ్బున్నవాళ్లు, గర్భిణులు ఉంటే వాళ్లను ఉలిక్కిపడేలా చేయొద్దు. పెద్ద వయసులో ఒక్కసారి కింద పడితే తుంటి ఎముక విరిగి నెలల తరబడి మంచం పట్టాల్సి రావచ్చు. మూర్ఛ జబ్బు ఉన్నవాళ్లలో కొందరికి మినుకు మినుకుమనే లైట్లతో ఫిట్స్ రావచ్చు, వాటిని పక్కన పెట్టండి.

సాయంత్రం ఇలా గడపండి

సాయంత్రం ఐదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదికి ముగించండి. మొదటి గంట తయారీకే. పాత తెల్ల పంచె తీసుకుని, తల మీంచి కప్పకుండా భుజాల మీద వేసి ముడి వేస్తే దయ్యం సిద్ధం. తల మీంచి కప్పితే దారి కనపడక మెట్ల మీద పడతారు. ఆ తర్వాత ఇంకో పంచెను తలుపుకు అడ్డంగా కట్టి, వెనక నుంచి టార్చి వేసి, చేతులతో నీడల బొమ్మలు ఆడించండి. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల గురించి పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదు. దీపానికి దగ్గరగా పెడితే చెయ్యి రాక్షసి అవుతుంది, దూరం జరిపితే చిన్నదైపోతుంది. ఈ సంగతి చిన్నపిల్ల తనంతట తాను కనిపెట్టినప్పుడు ముఖం చూడండి.

గుమ్మడికాయను తొలవడం పెద్దల పని. పిల్లలకు కాయ మీద రంగులు వేసే పని ఇవ్వండి. తీసిన గుజ్జు పులుసులోకి, గింజలు వేయించుకోవడానికి వాడుకోవచ్చు. తొలిచిన డొల్లను మాత్రం వసారాలో వదిలేయకండి. అక్టోబరు, నవంబరు మనకు వానల కాలం. అందులో నీళ్లు నిలిస్తే వారం పది రోజుల్లో డెంగీ దోమలు తయారవుతాయి. మర్నాడే పశువులకు వేసేయండి. ఈ దోమ పగటి పూట, ముఖ్యంగా పొద్దు వాలే ముందు కుడుతుంది కాబట్టి వేషం ఏదైనా నిండు చేతులు, కాళ్లు కప్పే బట్టలే మేలు.

నిప్పు, రంగు, కళ్లు

హాలోవీన్, దీపావళి దగ్గర దగ్గరగా వస్తాయి. 2024లో రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. రెండింటికీ జాగ్రత్త ఒకటే. నైలాన్, పాలిస్టర్ వేషాలు అంటుకుంటే కరిగి చర్మానికి పట్టేస్తాయి. గుమ్మడికాయలో కొవ్వొత్తికి బదులు బ్యాటరీ లైటు పెట్టండి. అయితే ఆ బుల్లి లైట్లలో ఉండే గుండ్రటి బిళ్ల బ్యాటరీలతో ఇంకో ప్రమాదం ఉంది. చిన్నపిల్లలు మింగితే, అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చేయగలదు. మూత స్క్రూతో బిగించినవే కొనండి. మింగారని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా, తెల్లారే దాకా ఆగకుండా ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి.

బట్టలకు నిప్పంటుకుంటే పరుగెత్తనివ్వద్దు. నేల మీద పడుకోబెట్టి మందపాటి దుప్పటి చుట్టండి. కాలిన చోట 20 నిమిషాలు కొళాయి నీళ్లు ధారగా పోయండి. టూత్‌పేస్ట్, ఇంకు, పసుపు, ఐసు ఏవీ వద్దు. 108కి ఫోన్ చేయండి.

పొగలు రావాలని డ్రై ఐస్ తెప్పించే ఆలోచన ఉంటే మానుకోండి. అది సున్నాకు 78 డిగ్రీలు కింద ఉంటుంది. 2024 మార్చిలో గురుగ్రాంలో భోజనం తర్వాత నోటికి చల్లదనమని డ్రై ఐస్ తిన్నవాళ్లు రక్తం కక్కుకుని ఆస్పత్రి పాలయ్యారు. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే సాంబ్రాణి పొగ కూడా వద్దు.

ముఖానికి ఆయిల్ పెయింట్లు, గోళ్ల రంగు వాడొద్దు. ముఖానికని అమ్మే రంగులైనా ముందు రోజు మోచేతి లోపలి వైపు కాస్త రాసి చూడండి. దురద, ఎర్రదనం రాకపోతేనే ముఖానికి వాడండి. పిల్లి కళ్లలా, పాము కళ్లలా కనిపించే రంగు లెన్సులు కంటి డాక్టరు చూసి ఇవ్వనిదే పెట్టుకోవద్దు. నల్లగుడ్డు మీద పుండు పడితే చూపు పోవచ్చు.

తీపికి ఒక లెక్క

రెండేళ్లు దాటిన పిల్లలకు పైనుంచి కలిపే చక్కెర రోజుకు 25 గ్రాములు, అంటే సుమారు ఆరు చెంచాలు మించకూడదు. చాక్లెట్లు, కూల్‌డ్రింకుతో అది చూస్తుండగానే దాటిపోతుంది. పిల్లలకు ముందే కడుపు నిండా రాగి దోసెలో, బొరుగుల ఉగ్గాణో పెట్టండి. ఆ తర్వాత ఒక్కొక్కరికీ రెండు మూడు చాక్లెట్లు చాలు. నాలుగైదేళ్ల లోపు పిల్లలకు గట్టి చాక్లెట్లు, చెనక్కాయ గింజలు, గుండ్రటి ద్రాక్ష అలాగే ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. వచ్చే పిల్లల్లో షుగరు ఉన్నవాళ్లు, పల్లీల అలర్జీ ఉన్నవాళ్లు ఎవరో ముందే వాళ్ల అమ్మానాన్నలను అడగండి. వాళ్లను పక్కన కూర్చోబెట్టకుండా, వాళ్లు తినగలిగేదే అందరికీ పెడితే ఎంత బాగుంటుంది!

అసలు లాభం ఇదీ

ఇక మొదట చెప్పిన రెండో షరతుకు వస్తాను. మన ప్రాంతంలో దయ్యం పేరు మోస్తూ ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చే జబ్బులు కొన్ని ఉన్నాయి. ఫిట్స్ వస్తే ‘గాలి సోకింది’ అంటారు. కాన్పయిన వారానికో రెండు వారాలకో బాలింత నిద్రపోకుండా పొంతన లేకుండా మాట్లాడితే ‘ఏదో పట్టింది’ అంటారు. జ్వరంతో పాటు మాట తడబడి, మనుషులను గుర్తు పట్టకపోతే అది మెదడుకు సోకిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అప్పుడు ఒక్కో గంటకూ విలువ ఉంటుంది. ఆ గంటలు తాయెత్తులకు, వేపమండలకు ఖర్చయిపోతున్నాయి. చదువుకున్న ఇళ్లలో కూడా ఇది జరుగుతోంది. చదువు తలకెక్కినా, చిన్నప్పుడు అన్నం తినిపించడానికి చెప్పిన బూచోడు లోపల అలాగే కూర్చుని ఉంటాడు. కష్టం వచ్చిన రాత్రి బయటికి వస్తాడు.

అందుకే ఆ మాస్కును మర్నాడు అన్నం తినిపించడానికి, బడికి పంపడానికి వాడకండి. ఆట ముగిశాక లైట్లన్నీ వేసి, దయ్యాన్ని ఎలా చేశామో పిల్లల చేతే అవ్వకూ తాతకూ చెప్పించండి. పంచె ఎవరిది, గొంతు ఎవరు మార్చారు, నీడ ఎలా పెద్దదైంది అన్నీ చెప్పనివ్వండి. తర్వాత అదే ఊపులో ఫిట్స్ వస్తే ఏం చేయాలో కూడా నేర్పండి. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాల గుత్తి అక్కర్లేదు, ఐదు నిమిషాల్లో ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి.

దయ్యాన్ని తన చేత్తో తయారు చేసిన పిల్ల రేపు పెద్దయ్యాక, ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి కొట్టుకుంటూ పడిపోతే భూతవైద్యుడి కోసం వెతకదు. 108కి ఫోన్ చేస్తుంది. ఆ ఒక్క మేలు కోసమైనా, ఈ అక్టోబరు 31న పాత పంచె ఒకటి బయటికి తీయండి.