బెత్తమా? నమ్మికయా?

"అయ్యా! కన్నులు రెండును మాకు విడువుడు, తక్కిన దేహము తమదే" యని బిడ్డను బడిలో చేర్చునాడు పలుకు తండ్రులు మా నెల్లూరు సముద్రతీర గ్రామములందు నేటికిని గలరు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము దేహదండనమును నిషేధించినది మొదలు పిల్లలు చెడిపోయిరని వీరి మొర. ఒకప్పుడు బెత్తము పట్టిన మేమే యీ మొరకు బదులు వ్రాయుచున్నాము.

వీథిబడులలో కోదండము, గోడకుర్చీ, తొడపాశము ఉండెను. వానివలన బాలురు నేర్చినదేమి? పంతులు చూడనపుడు తప్పు చేయు నేర్పు. భయము కాపరి యున్నంతసేపే కాచును.

ఈ తీరమునకు 1840లో అమెరికా బాప్టిస్టు మిషనరీలు వచ్చిరి. వారి దేశపు కళాశాలలు ఆదినుండియు క్రమశిక్షణకు నిలయములని మన పెద్దలు కొందఱు తలతురు. చరిత్రము వేరుగ నున్నది. హార్వర్డు కళాశాల తొలి యుపాధ్యాయుడు నథానియేలు ఈటను తన సహాయకుని దుడ్డుకఱ్ఱతో మోదుటచే 1639లో పదవి గోల్పోయెను. మిషనరీలు నెల్లూరు చేరిన యా 1840లోనే వర్జీనియా విశ్వవిద్యాలయమున అల్లరి నడ్డ వచ్చిన డేవిసు అను నాచార్యుని ముసుగు దాల్చిన విద్యార్థి యొకడు తుపాకితో కాల్చగా ఆయన మరణించెను. అచట కఠిననియమములు కొఱవడలేదు. వేకువ లేచుటకును, ధరించు నుడుపునకును సయితము శాసనములుండెను. 1842లో ఆ విద్యాలయమువారు, పరీక్షలో పరసాయము పొందలేదని విద్యార్థి తన గౌరవముపై వ్రాసియిచ్చు మాటను నమ్ముట కారంభించిరి. ఆ పద్ధతి నేటికిని నిలిచియున్నది.

మన యాంధ్రదేశమున నేమైనది? 1907లో బిపిన్ చంద్రపాలుగారు రాజమహేంద్రవరమున నుపన్యసింపగా విద్యార్థులు వందేమాతర చిహ్నములు ధరించిరి. ప్రభుత్వ శిక్షణకళాశాల యధ్యక్షుడు మార్కు హంటరు ఆగ్రహించెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు బహిష్కృతులైరి. ఆ "దుర్వర్తనులే" పిదప గ్రంథాలయోద్యమమునకును, వయోజనవిద్యకును జీవితము ధారవోసిరి. అధికారి కంటికి అవిధేయతగా దోచినది ఆత్మగౌరవము. ఈ రెంటి భేద మెఱుగనివాని చేత బెత్త ముంచుట యెట్టి వివేకము?

అట్లని అల్లరిని ఉపేక్షింపుమనుట లేదు. తోటివానిని హింసించు విద్యార్థి నడ్డవలసినదే. ర్యాగింగును నిషేధించుచు 1997లో ఆంధ్రప్రదేశ్ చేసిన శాసనము మంచిదే. కాని దోషమును విచారించి, సంజాయిషీ విని, చెఱచినదానిని వానిచేతనే సరిచేయించుట శిక్ష. పెద్దలు కోపము తీర్చుకొనుట శిక్ష కాదు.

మొక్కై వంగనిది మానై వంగునా యందురు. నిజమే. కాని మొక్కను వంచువాడు నీరు పోసి, ఊతకఱ్ఱ కట్టి వంచును, గొడ్డలి పట్టడు. తండ్రులారా! ఇకమీద బడికి వచ్చినపుడు, కన్నులతోపాటు బిడ్డ గౌరవమును గూడ మాకు విడువుడని యుపాధ్యాయునితో చెప్పుడు.