“ఇందులో ఏమీ జరగలేదు” అనేవాళ్లతో నా పేచీ

ముందే ఒక మాట. ఈ వ్యాసంలో ఒక నవల కథ దాదాపు మొత్తం చెప్పేస్తున్నాను. చదువుదాం అనుకునేవాళ్లు ఇక్కడే ఆగి పక్కన అంటించిన కవితలు చదువుకోవచ్చు. మిగతావాళ్లు, ముఖ్యంగా “స్పేస్‌షిప్పుల కథలు మనకెందుకే” అని నన్ను ఆటపట్టించే మా బెంచీవాళ్లు, దయచేసి చివరిదాకా చదవండి. ఈ నవలలో స్పేస్‌షిప్పులు చాలా తక్కువ. గొడవంతా దాని గురించే.

లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ అమెరికన్ రచయిత్రి. ఆవిడ రాస్తున్న వోర్కోసిగన్ నవలలు 1986లో మొదలయ్యాయి. గ్రహాల మధ్య యుద్ధాలు, సామ్రాజ్యాలు, గూఢచారులు, కుట్రలు ఉండే ఇలాంటి కథల్ని స్పేస్ ఒపేరా అంటారు. ఈ వరసలో మూడు నవలలకి విడివిడిగా హ్యూగో అవార్డు వచ్చింది, 2017లో సిరీస్ మొత్తానికి కలిపి ఇంకొకటి వచ్చింది.

కథ క్లుప్తంగా ఇది. బరయార్ అనే గ్రహంలో రాజు, ప్రభువులు, కత్తులు, వంశ గౌరవం అన్నీ ఉంటాయి. బీటా కాలనీ దానికి పూర్తిగా వ్యతిరేకం, సైన్సులో బాగా ముందుంటుంది. బీటా నుంచి వచ్చిన కార్డీలియా అనే కెప్టెన్, బరయార్ సైన్యంలోని ఆరల్ వోర్కోసిగన్ శత్రువులుగా ఎదురుపడి, చివరికి పెళ్లి చేసుకుంటారు. వాళ్ల కొడుకు మైల్స్. తల్లి కడుపులో ఉండగానే విషవాయువు దాడి జరగడం వల్ల పొట్టిగా, పెళుసు ఎముకలతో పెరిగాడు. ఎక్కువ నవలల్లో హీరో ఇతనే. బలం లేదు, బుర్ర మాత్రం చురుకు. పదిహేడేళ్లకే మాటకారితనంతో ఒక కిరాయి సైన్యానికి నాయకుడైపోతాడు. చదువుతుంటే పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు.

2010లో వచ్చిన ‘క్రయోబర్న్’ చివర్లో ఆరల్ చనిపోతాడు. కథాక్రమంలో దాని తర్వాతిది 2016 ఫిబ్రవరిలో వచ్చిన ‘జెంటిల్‌మన్ జోల్ అండ్ ది రెడ్ క్వీన్’. మొదటి నవలకీ దీనికీ మధ్య ముప్ఫై ఏళ్లు. పాఠకులు ఎంత ఎదురు చూసి ఉంటారో ఊహించుకోండి. తీరా చూస్తే చేతికొచ్చిన కథ ఇది.

కార్డీలియాకి డెబ్భై ఆరేళ్లు. భర్త పోయి మూడేళ్లు. సెర్గ్యార్ అనే గ్రహానికి పాలకురాలుగా ఉంది. ఆమె, ఆరల్ మొదట కలుసుకున్నది కూడా ఆ గ్రహం మీదే. బీటా వాళ్లు నూట ఇరవై ఏళ్ల దాకా బతుకుతారు కాబట్టి ఆమెకి ఇంకా చాలా జీవితం ఉంది. ఎప్పుడో భద్రపరిచిన తన అండాలతో, భర్త వీర్యకణాలతో ఇప్పుడు కూతుళ్లని కనాలనుకుంటుంది. గర్భం బయట బిడ్డని పెంచే యంత్రం ఆ లోకంలో ఉంది. పదవి వదిలేసి పిల్లల్ని పెంచుకుంటానంటుంది. ఇంకోపక్క యాభయ్యో పుట్టినరోజుకి దగ్గరవుతున్న అడ్మిరల్ ఆలివర్ జోల్ ఉన్నాడు. ఇతనికి ఆరల్‌తో చాలా ఏళ్ల ప్రేమబంధం ఉండేది, అది కార్డీలియాకి తెలిసే, ఆమె ఒప్పుకోలుతోనే నడిచింది. ఒకే మనిషిని పోగొట్టుకున్న ఈ ఇద్దరూ మెల్లగా దగ్గరవుతారు. జోల్‌కి రాజధానిలో పెద్ద పదవి ఇస్తామంటారు, అతను బాగా ఆలోచించి వద్దనుకుంటాడు. మధ్యలో మైల్స్ పెళ్లాంపిల్లలతో దిగి “అమ్మా, నాకెందుకు చెప్పలేదు” అని మొహం మాడ్చుకుంటాడు. ఒక పుట్టినరోజు పార్టీ, కొంచెం కాంట్రాక్టర్ల గొడవ. అంతే. యుద్ధం లేదు, హత్య లేదు, సామ్రాజ్యానికి ప్రమాదం లేదు.

పాఠకులు రెండుగా చీలిపోయారు. కొందరు హాయిగా ఉంది, ఇన్నాళ్లకి పెద్దవాళ్ల కథ చదివాం అన్నారు. కొందరికి ఒళ్లు మండింది. “ఇందులో ఏమీ జరగలేదు”, “మైల్స్ ఏడి”, “ముసలివాళ్ల ప్రేమకథ ఎవరికి కావాలి”, “రచయిత్రి మా ఆరల్‌ని పాడుచేసింది”. స్థూలంగా ఫిర్యాదులు ఇవే. నిజం చెప్పాలంటే మొదటిసారి చదివినప్పుడు నేనూ రెండో వర్గమే. సగంలో ఆపేసి, ఈ పుస్తకాలు నాకిచ్చిన మా పెద్దమ్మ కూతురికి “బోర్‌గా ఉందక్కా” అని మెసేజ్ పెట్టాను.

ఇప్పుడు నా అభిప్రాయం మారింది. కానీ ఆ ఫిర్యాదులన్నీ తప్పని చెప్పను. రెండు న్యాయమైనవే.

ఒకటి, జోల్ సంగతి. అతను పాత పాత్రే. 1990 నాటి ‘ది వోర్ గేమ్’లో లెఫ్టినెంట్‌గా కాసేపు కనిపిస్తాడు, ‘క్రయోబర్న్’లో ఆరల్ శవపేటిక మోసినవాళ్లలోనూ ఉంటాడు. ఆరల్ గతంలో మగవాళ్లని కూడా ప్రేమించాడని 1991లో వచ్చిన ‘బరయార్’లోనే ఉంది. అయితే అక్కడ కార్డీలియా అది గతం, ఇప్పుడు అతను తనకొక్కదానికే కట్టుబడిన మనిషి అన్నట్టు గట్టిగా జవాబిస్తుంది. ఆ జవాబుని పాతికేళ్లు గుర్తుపెట్టుకున్న పాఠకులకి, ఆ తర్వాత ఇంత పెద్ద సంబంధం నడిచిందనీ, ఇన్ని నవలల్లో మనకి కనబడకుండా ఉండిపోయిందనీ చెబితే మోసపోయినట్టే అనిపిస్తుంది. మనుషులు మారతారు, ఒప్పుకుంటాను. కానీ ఆ మార్పుని ఒక పాత నవలలో కొంచెమైనా చూపించి ఉంటే బాగుండేది.

రెండోది, కార్డీలియాకి అన్నీ సులువుగా అయిపోతాయి. డబ్బుంది, అధికారం ఉంది, యంత్రం ఉంది. ఎదురుచెప్పేవాళ్లు కూడా నాలుగు పేజీల్లో మెత్తబడతారు. నిజజీవితంలో విధవరాలు “నాకు ఇది కావాలి” అంటే ఎవరూ అంత తొందరగా మెత్తబడరు. ఇది నవలలో లోపమే.

కానీ “ఏమీ జరగలేదు” అన్న మాటని మాత్రం ఒప్పుకోను. ‘బరయార్’ని అందరూ నెత్తిన పెట్టుకుంటారు. అందులో జరిగేదేమిటి? అంతర్యుద్ధంలో శత్రువుల చేతికి చిక్కిన యంత్రంలో తన బిడ్డ ఉందని కార్డీలియా రాజభవనంలోకి చొరబడి, బిడ్డని కాపాడి, శత్రునాయకుడి తలని షాపింగ్ సంచిలో వేసుకుని తెస్తుంది. ఆ సీను ఈ సిరీస్ చదివినవాళ్లెవరూ మర్చిపోరు. నాకూ ప్రాణమే. కానీ దాని అడుగున ఉన్న కోరిక ఏది? ఈ బిడ్డని నేను కంటాను, పెంచుతాను, నన్ను ఎవరూ ఆపలేరు. జోల్ నవలలో కోరిక అదే, యంత్రం అదే, మనిషీ అదే. తల తెగలేదు, అంతే తేడా. పాతికేళ్ల క్రితం ఆ కోరిక వీరత్వం అయితే, ఇప్పుడు మాత్రం సోది ఎలా అయింది? రక్తం కారితేనే ఆడమనిషి నిర్ణయం ‘సంఘటన’ కింద లెక్కా?

ఇంకో తమాషా ఉంది. స్పేస్ ఒపేరా అన్న పేరు 1941లో విల్సన్ టక్కర్ వెక్కిరింపుగా పెట్టినది. రేడియోలో ఇల్లాళ్ల కోసం వచ్చే ఏడుపు సీరియళ్లకి సోప్ ఒపేరా అని పేరుండేది. అరిగిపోయిన అంతరిక్షం కథల్ని తిట్టడానికి ఆ పేరుని వాడుకున్నాడు. అంటే ఈ రకం కథలకి పేరే ఇల్లాళ్ల సీరియల్ దగ్గర అప్పుగా తెచ్చింది! తర్వాత ఆ వెక్కిరింపు పోయి గౌరవం వచ్చింది. ఇప్పుడు అందులో ఒక రచయిత్రి నిజంగానే ఇల్లు, పిల్లలు, తోడు, వయసు గురించి రాస్తే “ఇది సీరియల్‌లా ఉంది” అని మళ్లీ అదే తిట్టు.

నా అభిప్రాయం మారడానికి కారణం మాత్రం పుస్తకం కాదు, మా అమ్మమ్మ.

మా అమ్మమ్మ మంచి పాఠకురాలు. వారపత్రికల్లో సీరియళ్లు చించి, సూదీదారంతో కుట్టి పుస్తకాలు చేసుకున్న తరం. కథ నచ్చకపోతే రచయిత్రిని పక్కింటావిడని తిట్టినట్టు తిట్టేది. తాతయ్య పోయి రెండేళ్లవుతోంది. అప్పటినుంచి చెన్నైలో మా ఇంట్లోనే ఉంటోంది. మా నాన్నది తమిళం, అమ్మది తెలుగు. నాన్న వాళ్లమ్మని పాట్టి అంటాను. పాట్టి, అమ్మమ్మ ఒకే గదిలో, రెండు భాషల్లో, ఒకే టీవీ చూస్తారు. బయటివాళ్లకి చూడముచ్చటగా ఉంటుంది.

పోయిన నెల ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర అమ్మమ్మ అంది: “నేను అరక్కోణం వెళ్లిపోతానే. మన ఇల్లు ఖాళీగానే ఉంది కదా. ముందు గదిలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టుకుంటా.” అరవై ఎనిమిదేళ్లు. అమ్మ గరిటె కింద పెట్టేసింది. మామయ్యకి ఫోన్ వెళ్లింది. “కొడుకు చూడట్లేదని ఊరంతా అనుకోరా” అని ఆయన ఏడుపు. “ఆడి నెల పోనీండి, తర్వాత మాట్లాడదాం” అని మా అప్పా. అందరికంటే ముందు అమ్మమ్మ పక్కనే కూర్చున్న నేను “ఈ వయసులో ఎందుకమ్మమ్మా, హాయిగా కూర్చోక” అన్నాను.

అమ్మమ్మ నావైపు చూసింది. ఏమీ అనలేదు. చెయ్యి కడుక్కోడానికి లేచి వెళ్లిపోయింది.

ఆ రాత్రి సగంలో ఆపేసిన పుస్తకం మళ్లీ తీశాను. కార్డీలియాతో మైల్స్ మాట్లాడే సీన్లు వచ్చాయి. కొడుకు మంచివాడే. తల్లంటే ప్రాణం. అయినా అతని బాధంతా తన కథలో అమ్మ ఎక్కడ ఉండాలో అక్కడ లేదని. మా మామయ్య కూడా మంచివాడే. నేనూ చెడ్డదాన్నేం కాదు. కానీ మా అందరి బుర్రలో అమ్మమ్మ కథ రెండేళ్ల క్రితమే అయిపోయింది. మిగిలింది మా కథలో ఆవిడ పాత్ర. ఉదయం కాఫీ, సాయంత్రం దీపం, నా పరీక్షలకి మొక్కులు. ఇంకో భాగం ఉందని ఆవిడ అనేసరికి మేం అందరం కలిసి “ఇందులో ఏమీ లేదు, మాకు పాతదే కావాలి” అన్నాం.

అందుకే పాఠకులు సిరీస్ రచయితని “మాకు కావాల్సింది ఇది కాదు” అన్నప్పుడు నాకు రెండు రకాలుగా అనిపిస్తోంది. అడిగే హక్కు వాళ్లకుంది. ముప్ఫై ఏళ్లు డబ్బు పెట్టి కొన్నారు, ఆ మనుషుల్ని ఇంట్లోవాళ్లలా చూసుకున్నారు. ఆ ప్రేమ లేకపోతే కోపమే రాదు. కానీ ఆ ముప్ఫై ఏళ్లలో బుజోల్డ్‌కి వయసు రాలేదా? మొదటి నవల నాటికి ఆవిడకి ముప్ఫై ఆరు. ఈ నవల నాటికి అరవై ఆరు. పదిహేడేళ్ల కుర్రాడి సాహసాలే జీవితాంతం రాయాలని మనం పట్టుబడితే, మనం చదువుతున్నది ఆవిడని కాదు, మన చిన్నతనాన్ని.

మనలో ఎవరూ ఈ పుస్తకాలు చదవకపోవచ్చు. పరవాలేదు. సినిమా రెండో భాగం, సీరియల్ కొత్త ట్రాక్, అభిమాన రచయిత్రి చివరి నవల, ఏదైనా సరే, నచ్చకపోతే నచ్చలేదనండి, గట్టిగానే అనండి. ఎక్కడ అతకలేదో చెప్పండి, నేను జోల్ గురించి చెప్పినట్టు. కానీ “ఏమీ జరగలేదు” అనే ముందు ఒక్కసారి చూసుకోండి: నిజంగా ఏమీ జరగలేదా, లేక మనం సంఘటన అనుకోని మనిషికి ఏదో జరిగిందా?

అరక్కోణం సంగతి ఇంకా తేలలేదు. మామయ్య ఇంకా అలిగే ఉన్నాడు. ఆడి నెల అయ్యాక మాట్లాడుకుంటారట. నేను మాత్రం అమ్మమ్మ దగ్గరికి వెళ్లి ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. “సర్లేవే, మొదటి జాకెట్టు నీదే, కొలత ఇచ్చిపో” అంది. ఇచ్చాను.