ముందు మీ కారు తియ్యండి

అరకు ఘాట్‌లో, గాలికొండ వ్యూపాయింట్ దగ్గర ఒక డిసెంబరు ఆదివారం పొద్దున్న నా కళ్ళతో చూసింది చెప్తాను. రోడ్డుకి ఎడమ పక్క పదిహేను కార్లు, కుడి పక్క ఇంకో పది. మధ్యలో మిగిలింది ఆటో పట్టేంత సందు. ఆ సందులోనే ఒక కుర్రాడు కారు టాపెక్కి, లోయలో పరుచుకున్న మంచుని ఫోన్లోకి ఎక్కించుకుంటున్నాడు. కింద మలుపుల్లోంచి సైరన్ వినబడింది. ముందు సన్నగా, ఆ తర్వాత కొండకి కొట్టుకుని రెండు వైపుల నుంచీ వస్తున్నట్టు. అందరూ తలలు తిప్పి చూశారు. ఒక్కడూ జేబులోంచి తాళం చెవి తియ్యలేదు.

ఎర్ర బండి వచ్చింది. ఆగిపోయింది.

పైన ఏదో ఊళ్ళో గడ్డిళ్ళు అంటుకున్నాయట. లీడింగ్ ఫైర్‌మన్ కిందకి దిగి ఒక్కో కారు అద్దం తట్టి బతిమాలాడు. నిప్పులోకి వెళ్తున్న మనిషి, బొంగు చికెన్ తింటున్నవాళ్ళకి దణ్ణం పెట్టాడు. "మా డ్రైవరు టీకి వెళ్ళాడండీ, ఒక్క నిమిషం" అని ఒక కారులోంచి జవాబు. నా చేతి గడియారంలో పదకొండు నిమిషాలు గడిచాయి. పదకొండు నిమిషాల్లో గడ్డికప్పు ఏమవుతుందో మీరెప్పుడైనా చూశారా? కప్పు ఉండదు. వాసాలు ఎర్రగా కణకణలాడుతుంటాయి. అటక మీద విత్తనానికని దాచిన చోళ్ళు ఉండవు. రేకుపెట్టెలో పెట్టుకున్న పట్టా కాగితం, పిల్లల సర్టిఫికెట్లు ఉండవు. దూడని కట్టిన తాడు కూడా మిగలదు.

ఆ పదకొండు నిమిషాలకి ఎవరు జవాబుదారీ? ప్రభుత్వమా? ఫైర్ స్టేషనా? కాదు. మీరు. ఫోటో తీసుకుంటూ నిలబడ్డ మీరు. మీ పక్కన నిలబడి చూస్తూ నోరు మెదపకుండా ఉన్న నేను కూడా. ఆ రోజు నేను అరవలేదు. అందుకే ఇప్పుడు అరుస్తున్నాను.

"ఫైరింజను ఎప్పుడూ అంతా కాలి బూడిదయ్యాకే వస్తుంది" అన్న మాట మన నాలుకల మీద ఆడినంతగా మరే మాటా ఆడదు. ఆలస్యమైందని బండి మీద రాళ్ళు వేసిన జనాన్ని చూశాం. సిబ్బంది కాలర్ పట్టుకున్న పెద్దమనుషుల్ని చూశాం. ఆ బండి ఎందుకు ఆలస్యమైందో మాత్రం ఎవడూ అడగడు. అడిగితే వేలు తన వైపే తిరుగుతుంది కాబట్టి.

చట్టం లేదనకండి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 194ఇ సెక్షన్ చేర్చారు. ఫైరింజనుకో అంబులెన్సుకో దారి ఇవ్వకపోతే పది వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మీకు తెలిసినవాళ్ళలో ఒక్కడైనా ఆ జరిమానా కట్టాడా? హెల్మెట్ లేని కూలీవాడి దగ్గర చలానా రాయడానికి ఘాట్ కింద ఎస్.కోటలో కాపు కాసే చెయ్యి, ఘాట్ మలుపులో అడ్డంగా నిలిపిన పాతిక లక్షల కారు ముందు ఎందుకు మడుచుకుంటుంది?

చేతకాక అనుకుంటే అదీ అబద్ధమే. మంత్రిగారు అరకు వస్తున్నారంటే ఇదే రోడ్డు అద్దంలా అయిపోతుంది. ఇదే ఖాకీ, ఇదే విజిల్, ఇదే తాడు. తోపుడు బండి ఉండదు, ఆగిన కారు ఉండదు, సంతకి నడిచొచ్చే ముసలమ్మని కూడా పక్కకి గెంటేస్తారు. రిబ్బన్ కత్తిరించడానికి వెళ్ళేవాడికి గంట ముందు నుంచీ దారి సిద్ధం. మంట ఆర్పడానికి వెళ్ళేవాడికి దారి లేదు. ఈ ఒక్క వాక్యానికి జవాబు చెప్పగలిగిన అధికారి ఉంటే ముందుకి రమ్మనండి. నేను ఎదురుగా నిలబడి వింటాను.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతాం. 1944లో అదే రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ నౌక పేలి, మంటలార్పబోయిన అగ్నిమాపక సిబ్బంది 66 మంది చనిపోయారు. వాళ్ళ పేరున దండలేస్తాం, కరపత్రాలు పంచుతాం. ఏడు రోజులు గౌరవం. మిగతా మూడు వందల యాభై ఎనిమిది రోజులూ వాళ్ళ వారసుడు మన కారు అద్దం తడుతూ నిలబడాలి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ మండించేది ఇంకొకటుంది. మనవాడే, డాలస్‌లో ఉంటాడు. అక్కడ వెనకాల సైరన్ వినబడగానే కుడి పక్కకి లాగి, బండి పూర్తిగా ఆపి, అది దాటాకే కదులుతాడు. ఇంకొకడు జర్మనీలో ఉంటాడు. హైవే మీద ట్రాఫిక్ స్తంభించగానే, సైరన్ ఇంకా వినబడకముందే, అందరితోపాటు పక్కకి జరిగి మధ్యలో దారి వదులుతాడు. ఎవరూ కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. ఇద్దరూ సెలవులకి వచ్చి, కుటుంబాలతో అరకు ఎక్కుతారు. దముకు దాటేసరికి వాళ్ళిద్దరికీ ఏమవుతుంది? వలిసెపూల చేను కనబడగానే రోడ్డు నడుమ బ్రేకేసి, నాలుగు తలుపులూ తెరిచి దిగిపోతారు. అంటే తెలియక కాదు. అక్కడి ప్రాణం ప్రాణమనీ, ఇక్కడి కొండమీద మనిషి ప్రాణం అంత తొందర లేనిదనీ లోపలెక్కడో నమ్ముతున్నారు. కాదంటారా? కాదని మీ బండితో చూపించండి, నోటితో కాదు.

పోడు పేరు చెప్పి అడవిబిడ్డకి నీతులు చెప్పే నోళ్ళు కూడా ఇవే. "వీళ్ళే అడవి తగలబెట్టేస్తున్నార"ని కారులో కూర్చుని తీర్పులు. మరి రాత్రి గుడారాల ముందు మంటలేసి, పాటలు పెట్టి, తెల్లారి నిప్పు మీద గుప్పెడు మన్నైనా పొయ్యకుండా దిగిపోయేది ఎవరు? ఎండాకాలం ఎండుటాకుల మీద సిగరెట్ విసిరేది ఎవరు? నిప్పు మీరు పెట్టి, నీళ్ళొచ్చే దారికీ మీరే అడ్డం నిలబడి, నేరం కొండ మీదికి నెట్టేస్తారా?

"రోడ్డు ఇరుకు సార్, మేమేం చేస్తాం" అంటారు. ఇరుకే. అందుకే ఇరుకు రోడ్డుకో నియమం ఉంది. కొండ దారిలో వెడల్పు చాలనప్పుడు దిగే బండి ఆగాలి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. లైసెన్సు జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు? ఎక్కేది నాలుగున్నర వేల లీటర్ల నీళ్ళు మోసుకెళ్ళే ఫైరింజనైతే, దానిని మలుపులో ఆపడమంటే ఏమిటో ఎంతమందికి తెలుసు?

నాకూ తెలియదు. చెప్పినవాడు ఒక డ్రైవరు. ఇరవై ఏళ్ళుగా స్టీరింగు పట్టినవాడు. టీ బడ్డీ దగ్గర, గ్లాసులో సగం టీ మిగిల్చి, దాన్నే అటూ ఇటూ ఊపి చూపించాడు.

"నిండు కుండ తొణకదంటారు కదా మాస్టారూ. మా ట్యాంకూ అంతే. నిండుగా ఉంటే బరువే గాని మాట వింటాది. సగం అయిందనుకోండి, నేను ఇటు తిప్పితే నీళ్ళు అటు పోతాయి. బ్రేకేస్తే ఎనక నుంచి తోసేస్తాయి. లోపల అడ్డుపలకలుంటాయి, ఉన్నా సరే. మలుపులో ఎవడో కారు తలుపు తీస్తాడు. నేను తొక్కితే బండి లోయలోకి, తొక్కకపోతే ఆడి మీదకి."

ఆ గ్లాసులో టీ అంచు దాటి అతని వేళ్ళ మీద పడింది. తుడుచుకోలేదు.

అతని మాట విన్నాక ఇంకో మూర్ఖత్వం మీద కూడా నాకు కోపమొచ్చింది. "ఫైరింజను అంటే గాల్లో ఎగిరొచ్చెయ్యాలి" అనే మూర్ఖత్వం. 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు అత్యవసర వాహనానికి ఎర్రలైటు దాటే వీలిచ్చాయి. కానీ జాగ్రత్తగా దాటమన్నాయి, జనాన్ని తొక్కుకుంటూ పొమ్మనలేదు. సైరన్ కవచం కాదు. ఘాట్‌లో దాని మోత ఎటునుంచి వస్తోందో ఎదుటివాడికి అంతుబట్టదు, మంచు కమ్మితే బండి మీది లైటు పది గజాలు కూడా కనబడదు. అప్పుడు సెకండ్ గేర్లో, ప్రతి మలుపుకీ వేగం తగ్గించి, ఎదుటివాడు చూశాడని రూఢి చేసుకుని ఎక్కేవాడే అసలైన డ్రైవరు. మంట దగ్గరికి చేరని బండి చుక్క నీరు కూడా చల్లదు. వెనక సీటులోంచి "తోలు, తోలు" అని అరిచేవాళ్ళకీ, ఫోన్లో "ఇంకా రాలేదేంటి" అని బూతులు తిట్టేవాళ్ళకీ లొంగకుండా అతను నిదానంగా తోలుతున్నాడంటే, అది భయం కాదు. అతను చెయ్యగలిగింది అతను చేస్తున్నాడు. అతను కోల్పోయే ప్రతి నిమిషాన్నీ తిరిగి ఇవ్వగలిగింది ముందున్న మీరే.

2021 ఫిబ్రవరి 12న చీకటి పడ్డాక, హైదరాబాద్ నుంచి వచ్చిన టూరిస్టు బస్సు దముకు దగ్గర లోయలోకి దొర్లింది. నలుగురు పోయారు. లోయలో పడ్డవాళ్ళూ మీలాగే వ్యూపాయింట్లు చూడ్డానికి వచ్చినవాళ్ళే. వాళ్ళకి సాయం రావాల్సిందీ ఇదే దారిన. రేపు ఆ లోయలోంచి పైకి చూసే కళ్ళు మీ పిల్లవైతే, మలుపులో అడ్డంగా నిలిపిన కారుని మీరేం చేస్తారు? నెట్టేస్తారు. నేనైనా నెట్టేస్తాను. ఇవాళ పైనున్న ఊరివాళ్ళకి ఆ అవకాశం లేదు, వాళ్ళు బిందెలతో మట్టి చల్లుకుంటున్నారు.

వ్యూపాయింట్ పక్కన పార్కింగుకి చదును చేసిన జాగా లేకుండా టికెట్లు కోసేవాళ్ళనీ, రోడ్డు అంచుదాకా బడ్డీలు పెట్టించి మామూళ్ళు తినేవాళ్ళనీ వదిలిపెట్టను. వాళ్ళ సంగతి వేరే రాస్తాను. వాళ్ళ తప్పు చూపించి మీ తాళం చెవి జేబులోనే ఉంచుకుంటానంటే మాత్రం కుదరదు.

ఆ ఆదివారం చివర్లో జరిగింది చెప్తాను. పదకొండు నిమిషాల తర్వాత సందు తెరుచుకుంది. ఫైరింజను అద్దాలు కార్ల అద్దాలకి రాసుకుంటూ కదిలింది. దాని వెనకే, దాని దారిలోనే, నాలుగు కార్లు తోకలా అంటుకుని దూసుకెళ్ళాయి. అందరికంటే ముందు, మొదటి సైరన్‌కే, దారి ఇచ్చిన మనిషి ఒకామె ఉంది. నెత్తిన కట్టెల మోపు. కొండ పక్కనున్న కాలువలోకి దిగి, బురదలో మోకాళ్ళ దాకా నిలబడి, మోపుని ఒక చేత్తో పట్టుకుని అంతసేపూ అలాగే ఉంది. బండి మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా పైకి రాలేదు. వచ్చి రోడ్డు మీద ఒక అడుగు వేసింది.

వెనకనున్న కారువాడు ఆమెని తప్పుకోమని హారన్ కొట్టాడు.