నోటి పరిమళం శుభ్రతకు సాక్ష్యమా?

వుజూలో మూడుసార్లు నోరు పుక్కిలించడం మదర్సాలో పసిపిల్లలకు నేర్పే తొలి పాఠాలలో ఒకటి. ఐదు పూటలా వుజూ చేసేవారి నోటిలో రోజుకు పదిహేను మార్లు నీరు తిరుగుతుంది. దైవప్రవక్త (స) తమ అంతిమ ఘడియలలో సైతం మిస్వాక్‌తో పళ్ళు తోముకున్నారని, పాలు త్రాగిన పిమ్మట నోరు పుక్కిలించేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. పచ్చి వెల్లుల్లి తిన్నవారిని ఆ వాసనతో మస్జిదుకు రావద్దని ఆయన వారించారు. నోటి శుభ్రతకు ఇంతటి స్థానమిచ్చిన ధర్మాన్ని అనుసరించేవారం మనం. అయినా నేను ఒక పొరపాటు చేశాను. అది పాఠకులకు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

కరీంనగర్‌లో నా వద్ద చదువుకున్న పదిహేడేళ్ళ విద్యార్థి ఒకడు ఫజ్ర్ నమాజుకు వచ్చినప్పుడల్లా పుదీనా పరిమళం వచ్చేది. అతని సంచిలో మౌత్‌వాష్ సీసా ఎప్పుడూ ఉండేది. "శుభ్రత అంటే ఇలా ఉండాలి" అని తరగతిలో అందరి ముందు మెచ్చుకున్నాను. కొన్ని నెలల తరువాత ఒక మధ్యాహ్నం, అతడు రొట్టెను గోరంత ముక్కలుగా తుంచుకొని, సాలన్ తగిలితే కళ్ళనీళ్ళు పెట్టుకోవడం గమనించాను. "నోరు తెరువు బేటా" అన్నాను. రెండు వేళ్ళు పట్టేటంత కూడా తెరుచుకోలేదు. తల వంచుకొని, "రెండేళ్ళుగా గుట్కా నములుతున్నాను హజ్రత్. మీకు వాసన రాకూడదనే ఆ సీసా" అన్నాడు. నేను అందరి ముందు మెచ్చుకున్నది అతని శుభ్రతను కాదు, దాపరికాన్ని.

దంతవైద్యుడు దానిని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అన్నారు. వక్క నమలడం వలన నోటి లోపలి మెత్తని పొర క్రమంగా గట్టిపడి బిగుసుకుపోతుంది. కారం తగిలితే మంట పుట్టడం తొలి సూచన. అలవాటు మానితే వ్యాధి ముదరకుండా ఆపవచ్చు గాని, బిగిసిన పొర పూర్తిగా పూర్వస్థితికి రావడం కష్టం. కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం పొగాకునే కాక, పొగాకు కలపని వక్కను సైతం క్యాన్సర్ కారకమని 2004లో ప్రకటించింది. కనుక "మాది ఉత్త సుపారీయే" అన్న సమాధానం నిలువదు.

మౌత్‌వాష్ చెడ్డ వస్తువేమీ కాదు. ఫ్లోరైడ్ కలిసినది పిప్పి పళ్ళను కొంతవరకు నివారిస్తుంది. అయితే ఆరేళ్ళలోపు పిల్లలు మింగివేస్తారు గనుక వారికి ఇవ్వరాదు. క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది చిగుళ్ళ వాపుకు వైద్యుడు చెప్పినన్ని రోజులే వాడాలి. ఎక్కువ కాలం వాడితే పళ్ళపై గోధుమరంగు మరకలు పడతాయి. కేవలం పరిమళం ఇచ్చేవి కొద్దిసేపు వాసనను కప్పుతాయి, అంతే. ఏదీ బ్రష్‌కు గాని మిస్వాక్‌కు గాని, మన యాపపుల్లకు గాని బదులు కాదు. నిత్యం పుక్కిలించడానికి గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు చాలు.

ఆల్కహాల్ కలిసినవి వాడవచ్చునా అని తల్లులు అడుగుతుంటారు. కొన్ని రకాలలో అది నూటికి ఇరవై పాళ్ళకు మించి ఉంటుంది. ద్రాక్ష, ఖర్జూరాల నుండి తీయని ఆల్కహాల్ విషయంలో హనఫీ పండితులు పలువురు సడలింపు ఇచ్చారు, మరికొందరు వద్దన్నారు. ఆల్కహాల్ లేనివి అంగడిలో దొరుకుతున్నప్పుడు సందేహాస్పదమైన దానిని విడిచిపెట్టడమే మేలు.

మన ప్రాంతంలో పొగాకు కొత్త వస్తువు కాదు. ఆదిలాబాద్ అడవుల తునికాకుతో నిర్మల్, జగిత్యాల, కోరుట్ల ఇళ్ళలో తల్లులు చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టి సంసారం ఈడుస్తున్నారు. వారి కష్టాన్ని నేను తప్పుపట్టను. కాని పసితనం నుండి చూసిన పొగాకు పిల్లలకు ప్రమాదంగా కనిపించదు. అది ప్రమాదమని మనమే చెప్పాలి. పద్దెనిమిదేళ్ళలోపు వారికి, విద్యాసంస్థలకు వంద గజాలలోపు పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టం చెబుతోంది. తెలంగాణ ప్రభుత్వం 2024 మేలో గుట్కా అమ్మకాన్ని ఏడాదిపాటు నిషేధించింది. అయినా పొట్లం పిల్లల చేతికి అందుతూనే ఉంది. చట్టం చేరని చోటికి తల్లిదండ్రుల చూపు చేరాలి.

ఈ శుక్రవారం భోజనాల వేళ ఒక పని చేయండి. ఇంటిల్లిపాదీ తమ మూడు వేళ్ళను నిలువుగా జోడించి పై పళ్ళకు, క్రింది పళ్ళకు నడుమ పెట్టి చూడండి. పెద్దలు, ఎదిగిన పిల్లలు తమ వేళ్ళు మూడూ పట్టకపోతే, నోటిలో తెల్లని మచ్చ కనిపిస్తే, పుండు రెండు వారాలైనా మానకపోతే దంతవైద్యుని వద్దకు వెళ్ళండి. పిల్లవాడు తప్పు ఒప్పుకుంటే కేకలు వేయకండి. నా శిష్యుడు రెండేళ్ళు దాచింది నా కోపానికి భయపడే.

అతడు గుట్కా మానివేశాడు. నోటి వ్యాయామం చేస్తున్నాడు, వైద్యునికి చూపించుకుంటున్నాడు. ఇప్పుడు పరిమళం వస్తే మెచ్చుకోను. ప్రక్కన కూర్చోబెట్టుకొని, అన్నం తిన్నావా, కారం మండుతోందా అని అడుగుతాను. అల్లాహ్ మన పిల్లల నోళ్ళను వ్యాధి నుండి, మన కళ్ళను ఏమరుపాటు నుండి కాపాడుగాక. ఆమీన్.