స్మారక నిధులు - వాటి నిర్వాహకులు

మన గంజాం మండలమునందలి తెలుగు కుటుంబములలో ఒక పెద్ద కన్నుమూసినప్పుడు, ఆయన పేర కొంత మూలధనమును బ్యాంకులో నిలిపి, దాని వడ్డీతో బీదవిద్యార్థులకు ఏటేటా సాయము చేయు సదాచారము చిరకాలముగా నున్నది. ఉపాధ్యాయుల పేర, వకీళ్ల పేర, పట్టువర్తకుల పేర, అకాలమరణము నొందిన బిడ్డల పేర ఇట్టివి వెలయుచున్నవి. దాతలను గూర్చి సభలలో ఎన్నో ప్రశంసలు వినుచున్నాము. నిధులను నడుపు కార్యదర్శులను, కోశాధికారులను గూర్చి మాత్రము ఎవరును పెదవి కదపరు. ఈ వారము వారిని గూర్చియే వ్రాయదలచితిమి.

వీరిలో పెక్కురు ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయులు, గుమాస్తాలు. జీతము లేదు, రిక్షా కూలి సయితము తమ సంచిలోనిదే. దరఖాస్తులు చదువుట, ఆదాయపత్రములు సరిచూచుట, బ్యాంకు చుట్టును తిరుగుట, లెక్కలు ఆడిటరుచేత పరిశీలింపజేయుట, అన్నియు వీరి తలపైననే పడుచున్నవి. పన్ను మినహాయింపు నిలువవలెనన్న ధర్మసంస్థ తన యేటి ఆదాయములో నూటికి 85 వంతులు ధర్మకార్యమునకు వెచ్చింపవలెను. ఒకప్పుడు శాశ్వతముగా నుండిన నమోదు 2021 నుండి గడువు తీరినప్పుడెల్ల పునరుద్ధరింపవలసినదైనది. అదియు కంప్యూటరు ద్వారానే! డెబ్బదియేండ్ల కార్యదర్శి మనుమని బతిమాలి ఆ పని చేయించుకొనుట మనమెరుగని దృశ్యము కాదు.

ఇంత శ్రమయు సకాలమున ఫలింపనిచో వ్యర్థము. ఒడిశాలో ప్లస్ టూ, డిగ్రీ ప్రవేశములు ప్రభుత్వపు ‘సామ్స్’ పద్ధతిలో వేసవినాడే మొదలగును. సీటు వచ్చినవాడు గడువులోపల రుసుము కట్టనిచో అది చేజారును. మన నిధులవారో, విజయదశమి వెళ్లినపిదప ముహూర్తము చూచి, సభ కూర్చి, ముఖ్య అతిథికి శాలువ కప్పి, ఆ పిమ్మట చెక్కు లిత్తురు. అప్పటికి ఆ బాలుడు సూరతులో మరమగ్గము నొద్ద నిలిచియుండును. గంజాం పల్లెలనుండి సూరతునకు పోవు యువకుల బాట ఎంత వెడల్పైనదో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. సభ తరువాత జరుపుకొనవచ్చును; రుసుము ముందు కట్టవలెను.

ఈ సాయమునకు ఎదురుచూచువారెవరు? గోపాలపురము, ఆర్యపల్లి మొదలగు తీరగ్రామములలో తెలుగు మాటలాడు బెస్తవారి బిడ్డలు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము చెంతనే తీరము దాటినప్పుడు వలలు, పడవలు పోగొట్టుకొన్న ఇండ్లవారు. బరంపురపు రెల్లివారి బిడ్డలు, పట్టుమగ్గముపై బ్రతుకు ఈడ్చుచున్న దేరావారి బిడ్డలు. 1936 ఏప్రిలు 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పటినుండి మనవారు రెండు తీరముల నడుమ నున్నారు. ఆంధ్రప్రభుత్వమిచ్చు రుసుముల సాయము ఆ రాష్ట్రవాసులకే. ఒక రాష్ట్రపు కులపత్రము వలసపోయినవానికి వేరొక రాష్ట్రమున రిజర్వేషను కల్పింపదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున విశాఖపట్టణమున చదువదలచిన బరంపురపు రెల్లి బాలునకు ఇక్కడి పత్రము అక్కడి సీటునకు ఆసరా కానేరదు. ఇట్టి సందులలో చిక్కినవారికి స్మారక నిధి ఇచ్చు అయిదువేలో పదివేలో చిన్న మొత్తము కాదు.

నిధి ఎంత పెద్దదైనను దాని అధ్యక్షపీఠము వివాదమున పడినచో ఏమగునో చూచుటకు దూరము పోనక్కరలేదు. విజయనగరము మన పొరుగుననే యున్నది. 1958లో పి.వి.జి. రాజుగారు తమ తండ్రి అలక నారాయణ గజపతిగారి స్మృత్యర్థము మాన్సాస్ సంస్థను స్థాపించి, కోటను, భూములను విద్యకొరకు ధారపోసిరి. రాజులు కాపురమున్న కోటలో బాలికలు పుస్తకములు పట్టుకొని తిరుగుట ఎంత ముచ్చటయైన సంగతి! 1995లో ఆయన గతించిన పిమ్మట పెద్దకుమారుడు ఆనంద గజపతిరాజుగారును, 2016లో వారు మరణింపగా తమ్ములు అశోక్ గజపతిరాజుగారును అధ్యక్షులైరి. 2020 మార్చిలో రాష్ట్రప్రభుత్వము ఆనంద గజపతిగారి కుమార్తె సంచయితగారిని ఆ పదవియందు నియమించెను. 2021 జూన్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేయగా అశోక్‌గారు మరల వచ్చిరి. మరుసటి నెలలో జీతములకొరకు సిబ్బంది ఆందోళన చేసిరి. ఎవరి పక్షము న్యాయమో చెప్పుట మా పని కాదు. తరగతిలోని విద్యార్థి మాత్రము ఆ దావాలో వాదియు కాడు, ప్రతివాదియు కాడు.

మరియొక విధమైన ఆపదకు బైర్రాజు ఫౌండేషను సాక్ష్యము. తండ్రి బైర్రాజు సత్యనారాయణరాజుగారి పేర రామలింగరాజు సోదరులు 2001లో దానిని నెలకొల్పిరి. పల్లెలలో వైద్యము, తాగునీరు, బడులు, పల్లె యువకులకు ఊరిలోనే కంప్యూటరు కొలువులు, ఇట్లు మెచ్చదగిన పని అనేకము జరిగినది. 2009 జనవరి 7న సత్యం కంపెనీ లెక్కలు తారుమారైనవని రామలింగరాజు తానే ఒప్పుకొనెను. ఆధారమైన చెట్టు కూలగా తీగయు నేలబడినది. ఆ పల్లె యువకులు చేసిన తప్పేమి?

మన నిధులకు కోటలు లేవు, కంపెనీలు లేవు. అయినను ఒక్క కుటుంబము మీదనే, ఒక్కొక్కప్పుడు ఒక్క సంతకము మీదనే ఆధారపడుట ఇక్కడను ఉన్నది. దాత కుమారుడు శ్రద్ధతో నడుపును. మనుమడు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉండును. పాసుపుస్తకము ఏ బీరువాలో నున్నదో ఎవరికిని తెలియదు. ఇది చాలదన్నట్లు వడ్డీ తగ్గినది. 1990 ప్రాంతములలో లక్ష రూపాయలపై ఏటికి సుమారు పన్నెండువేలు వచ్చెడివి. నేడు ఆరేడువేలు వచ్చుట గగనము. రుసుములా, పెరిగినవేగాని తగ్గలేదు. నాడు ఇద్దరిని చదివించిన నిధి నేడు ఒకనికి పుస్తకములు కొనియిచ్చి ఊరకుండవలసి వచ్చుచున్నది. 1893లో ఖల్లికోట రాజా హరిహర మర్దరాజుగారు బరంపురపు కళాశాలకిచ్చిన లక్ష నేటికిని పలుకుచున్నదనిన, ఆ పిదప దానికి ప్రభుత్వధనమును తోడగుటచేతనే. మూలధనమును పెంచుటకు జోలె పట్టుట సిగ్గుపడవలసిన పని కాదని నిర్వాహకులు గ్రహింతురుగాక.

ఇక మా సూచన. నిధి సంఘములలో దాత బంధువులు ఉండవచ్చును, ఉండవలెను కూడ. కాని నిధి సాయముతో చదివి పైకి వచ్చినవారిని ఇద్దరినైనను సంఘమున చేర్చుకొనుడు. బ్యాంకులో, బడిలో, రైల్వేలో కొలువు చేయుచున్న అట్టి యువతీయువకులు మన నడుమ లేకపోలేదు. దరఖాస్తు చేత బట్టుకొని గుమ్మమువద్ద నిలుచుటలోని సంకోచమును వారెరుగుదురు. కంప్యూటరు పనియు వారికి కరతలామలకము. “నిన్నటి పిల్లవాడు మన లెక్కలు చూచుటయా?” అని నొచ్చుకొను పెద్దలు కలరు. ఆ పిల్లవాడే రేపు ఆ లెక్కలు వ్రాయకున్నచో వ్రాయువాడెవ్వడో వారే సెలవీయవలెను.

రెండవది, సాయము పొందిన బాలుని వేదిక నెక్కించి అతని తండ్రి దారిద్ర్యమును మైకులో వర్ణించు ఆచారము వెంటనే మానవలెను. ఇందులకు ఖర్చేమియు లేదు.

మన సంఘ పరిధిలోని స్మారక నిధుల కార్యదర్శులు తమ మూలధనము, వచ్చిన వడ్డీ, సాయము పొందినవారి సంఖ్య, చెల్లించిన తేదీలు తెలుపుచు జాబు వ్రాసినచో వరుసగా ఉచితముగా ప్రకటింతుము. విద్యార్థుల పేర్లు పంపనక్కరలేదు. తేదీలు మాత్రము తప్పక పంపవలయును.