మూసీని ముంచింది మన చేతిసంచీ కాదు

మూసీలో ప్లాస్టిక్ పేరుకుపోయిందన్న మాట వచ్చినప్పుడల్లా వేలు ఆడవాళ్ళ వైపే లేస్తుంది. గుడ్డసంచీ పట్టుకెళ్ళడానికి మీకేం బరువని మనకే పాఠాలు చెబుతారు. అవగాహన సదస్సుల్లో ఆ పాఠం నేనూ చెప్పాను. అది తప్పని ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నది ప్లాస్టిక్‌ను పుట్టించదు. ఒడ్డునున్న నేల ఇచ్చిందే మోస్తుంది. మరి ఆ నేలను ఏం చేశారు? ఎగువన జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు, పెద్ద కాలనీలు వద్దంటూ 1996లో 111వ జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలను ప్రభుత్వమే సడలించింది. నగరంలో చెరువులు పూడ్చి ప్లాట్లు వేశారు, నాలాలను ఇరుకు చేశారు. నీరు ఇంకే నేల కాంక్రీటు కిందికి పోయాక, ప్రతి వానా వీధుల్లోని చెత్తను ఊడ్చి నాలాల గుండా మూసీలో పోస్తుంది.

చెత్తబండి దూరని సందుల్లో బతికేవాళ్ళకు నాలాయే చెత్తకుండీ. 2024లో నదిని బాగుచేస్తామంటూ ఎర్రరంగు గుర్తులు వేసింది అలాంటివాళ్ళ ఇళ్ళ గోడల మీదే.

2022 జులై 1 నుంచి స్ట్రాలు, పళ్ళేలు, గ్లాసులు, చెంచాల వంటి ప్లాస్టిక్ వస్తువులను దేశమంతా నిషేధించారు. షాంపూ సాచెట్ ఆ జాబితాలో లేదు! సీసా కొనే స్తోమత లేని కూలి మనిషికి ఆ సాచెట్ అంటగట్టింది ఎవరు? పొరలు పొరలుగా అతికించిన ఆ కాగితాన్ని పాతసామాన్లవాడు కొనడు, అందుకే చెత్త ఏరుకునే అక్కలూ దాన్ని ముట్టుకోరు. అది చేరేది నదికే. కంపెనీలే తమ చెత్తను వెనక్కి తీసుకోవాలని 2016 నియమాలు చెబుతున్నాయి. అయినా తనిఖీకి సులువుగా దొరికేది కంపెనీ గేటు కాదు, కూరగాయల తట్ట.

దిగువన ఆ మురుగునీటితో పెరిగే పశుగ్రాసపు మళ్ళలో దిగి గడ్డి కోసేదీ ఆడకూలీలే. నదిని పాడుచేసిన నిర్ణయాల్లో వాళ్ళకు చోటు లేదు, ఫలితంలో మాత్రం పూర్తి వాటా.

గుడ్డసంచీ పట్టుకుందాం, కాదనను. కానీ ఇకమీదట నా సదస్సు బస్తీలో జరగదు. భూవినియోగ ప్రణాళిక తయారుచేసే ఆఫీసు ముందు జరుగుతుంది. ప్రతి సందుకూ చెత్త సేకరణ, చెత్త ఏరేవాళ్ళకు గుర్తింపు, కూలి, జలాశయాల చుట్టూ నేలకు రక్షణ అడుగుదాం. నేలను అమ్ముకున్నవాళ్ళే నదికి జవాబు చెప్పాలి.